అక్క ఉంటున్న దేశం

ఫిబ్రవరి 9

మామయ్యా,

కవరు మీద నా చేతిరాత గుర్తుపట్టావా? పట్టి ఉండవు. నువ్వు దేశం వదిలి వెళ్ళేటప్పటికి నేను కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు తుడిచే పనిలో ఉన్నాను. ఇప్పుడు షాపు నాదే. వచ్చినవాళ్ళని కుర్చీలో కూచోబెట్టి, ఒక కన్ను మూయించి, గోడ మీది అక్షరాలు చదివిస్తాను. కింది వరస దగ్గరికి వచ్చేసరికి అందరూ నన్ను బోల్తా కొట్టించాలనే చూస్తారు. చదువుకున్నవాళ్ళు మరీను, కనపడకపోయినా ఊహించి చదివేస్తారు.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటి అంటావేమో. ఫోన్లో నువ్వు "ఊఁ", "సరే" తప్ప మూడో మాట మాట్లాడవని ఇంటిల్లిపాదికీ తెలుసు. నాక్కావలసింది పెద్ద జవాబు.

మన దేశానికి ఇప్పటిదాకా ఎన్ని పేర్లు వచ్చాయి? ఏ పేరు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది? ఆ పేరుతో పిలిచే రోజుల్లో ఇళ్ళల్లో, బళ్ళల్లో ఏం జరుగుతుండేది? అప్పటికి అమ్మ వయసెంతో కూడా రాయి. జీవితమంతా చరిత్ర పాఠాలు చెప్పినవాడివి, నిన్ను కాక ఎవర్ని అడుగుతాను? ఎందుకని మాత్రం అడక్కు.

అమ్మ బాగానే ఉంది. జవాబు షాపు అడ్రసుకే రాయి, ఇంటికి వద్దు.

నీ పిచ్చుక


ఫిబ్రవరి 24

చిరంజీవి పిచ్చుకకి మామయ్య ఆశీస్సులు.

ఈ వయసులో పరీక్షకేమైనా కడుతున్నావా? ఏదైతేనేం, నా దగ్గర చదువుకున్నవాళ్ళెవరూ నన్ను ఇంత పెద్ద ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. నేనుండేది ఒక బేకరీ మీద గదిలో. తెల్లారకుండానే కింద పొయ్యిలు వెలిగిస్తారు, నా గది నేల వెచ్చబడుతుంది. నాతో మాట్లాడే మనుషులు ఇద్దరే, లైబ్రరీలో గుమస్తా, ఈ బేకరీ ఆయన. మన దేశం ఎక్కడుందో ఇద్దరికీ తెలియదు. అందుకని తీరిగ్గా చెప్తాను, విను.

మొదటిది ఏటి పేరు. అది మనం పెట్టుకున్నది కాదు. ఏటికి ఆ ఒడ్డున వర్తకం చేసుకునేవాళ్ళు ఇటు చెయ్యి చూపించి "ఏటి అవతలి నేల" అనేవాళ్ళు. ఆ మాటే పటాల్లోకి ఎక్కి కూచుంది. ఇక్కడి జనానికి తమ ఊరి పేరు తెలుసు, పక్క ఊరి పేరు తెలుసు. అన్నిటికీ కలిపి ఒక పేరుండాలని వాళ్ళకి తోచనేలేదు. పేరుతో పని పడింది బయటివాళ్ళకే. పోనుపోను మనం కూడా మనల్ని అవతలివాళ్ళమనే చెప్పుకున్నాం, సొంతింట్లో కూచుని నేను పక్కింటివాణ్ణి అన్నట్టు. మీ అమ్మ పుట్టింది ఆ పేరులోనే.

రెండోది రాణి పేరు. మీ అమ్మకి ఐదేళ్ళప్పుడు వచ్చింది. ఆ రాణి ఇక్కడ ఏనాడూ అడుగు పెట్టలేదు. ఆవిడ కొలువులో గవర్నరొకడు పై మెట్టు ఎక్కడం కోసం మన దేశాన్ని ఆవిడ పేరు మీద చదివించేశాడు. స్టేషన్ల బోర్డులు మారాయి, తపాలా బిళ్ళలు మారాయి. బళ్ళో పొద్దున్నే ఆ పేరున్న పాట పాడాలి. మీ అమ్మ గొంతెత్తి పాడేది. నేను బళ్ళో చేరాక పెదవులాడించి ఊరుకునేవాణ్ణి.

మూడోది సమాఖ్య. రాణి మనుషులు పెట్టేబేడా సర్దుకుని వెళ్ళాక మూడు ప్రాంతాల పెద్దలు కూచుని పేరు కోసం తగువులాడుకున్నారు. ఒకరి పేరు పెడితే తక్కిన ఇద్దరూ మూతి ముడిచారు. చివరికి ఎవరికీ చెందని మాట ఒకటి పెట్టి లేచారు. మీ అమ్మకి పెళ్ళయింది ఆ రోజుల్లోనే. తరవాత రెండు ప్రాంతాలు వేరుపడిపోయాయి, మిగిలిన ఒక్కటే సమాఖ్యగా చలామణి అయింది. ఇంట్లో అందరూ వెళ్ళిపోయాక మిగిలిన ఒక్కడూ కూచుని "మేము, మేము" అన్నట్టుంటుంది. నవ్వొస్తుంది కానీ నవ్వకూడదు. ఆ విడిపోయే గొడవల్లోనే సైన్యంలో ఉన్న మీ నాన్న పోయాడు.

నాలుగోది ఇప్పటి పేరు. ఒక పాత రాతిశాసనంలో మన పూర్వీకులు తమని తాము చెప్పుకున్న మాట. "ఇక్కడివాళ్ళు" అని అర్థం. బయటివాడు వేలు చూపించి పెట్టనిది అదొక్కటే. దాన్ని ఎంచిన కమిటీలో నేనూ ఉన్నాను. ఆ సంగతి నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇవన్నీ మీ అమ్మ అడగమందా? అవునో కాదో ఒక్క ముక్క రాయి.

మీ మామయ్య


మార్చి 11

మామయ్యా,

నీ ఉత్తరం ఫ్రేముల అర కింద పెట్టుకుని, షాపులో ఎవరూ లేనప్పుడల్లా తీసి చదువుతున్నాను. చాలా పనికొచ్చింది. ఎలాగో ఇప్పుడే చెప్పలేను.

అమ్మ అడగమనలేదు. కానీ మొన్న తనంతట తనే నీ మాటెత్తింది. కిటికీ దగ్గర కూచుని చొక్కాకి బొత్తాలు కుడుతూ, "ఆదివారం వస్తానన్నాడు, వాడు రాలేదేం? వాడికి పెద్ద గ్లాసుతో టీ ఇవ్వకపోతే తాగినట్టుండదు" అంది. మామూలుగానే అంది. గొంతులో కోపం లేదు. పదకొండేళ్ళుగా మా ఇంట్లో నీ ఊసెత్తినవాళ్ళు లేరు మామయ్యా.

ఒక్క సంగతి కనుక్కోవాలి. సమాఖ్య రోజుల్లో నువ్వు ఆదివారాలు మా ఇంటికి వచ్చేవాడివా? నాకు లీలగా గుర్తు.

నీ పిచ్చుక


మార్చి 29

పిచ్చుకా,

వచ్చేవాడినా అని అడుగుతావేమిటి? నా బూట్లలో కాళ్ళు దూర్చుకుని ఇల్లంతా టకటకా తిరిగేదానివి. మీ అమ్మ టీ గ్లాసు నా చేతికిచ్చి, వారం రోజుల కబుర్లూ పూర్తయ్యేదాకా లేవనిచ్చేది కాదు.

నీ ఉత్తరం బేకరీ ఆయనకి చదివి వినిపించాను. మన భాష ముక్క రాకపోయినా తలూపుతూ విన్నాడు. నా మొహం చూసే అర్థమైందట. ఆయన వేడి రొట్టె ఒకటి చేతిలో పెట్టి పంపాడు. అక్క మెత్తబడిందన్నమాట. ఇన్నేళ్ళలో నాకు ఇంతకంటే మంచి కబురు రాలేదు, దాచడమెందుకు.

అయినా ఒక్క మాట. కొత్త పేరు రేడియోలో చెప్పిన సాయంత్రం నేను మీ ఇంటికి వచ్చాను. నువ్వు షాపు నుంచి ఇంకా రాలేదు. అక్క నన్ను గుమ్మంలోనే ఆపేసింది. "మా ఆయన సమాధి మీద సమాఖ్య కోసం అని చెక్కి ఉంది. ఇప్పుడు ఆయన ఏ దేశం కోసం పోయినట్టు? ఇక నా గడప తొక్కకు" అంది. నేను చేసింది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆవిడ కోపం తప్పని కూడా ఎన్నడూ అనుకోలేదు. కానీ పొమ్మన్నది ఆవిడ కాబట్టి రమ్మనాల్సిందీ ఆవిడే. రెండు ముక్కలు, తన చేత్తో. "ఒరే, రారా" అన్నా చాలు, మర్నాడే బయలుదేరతాను. ఈ జన్మకి నాకు మిగిలిన కోరిక అదొక్కటే.

మీ మామయ్య


ఏప్రిల్ 14

మామయ్యా,

ఆ రెండు ముక్కలు రాయించడం నా వల్ల కాదు. ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ డొంకతిరుగుడుగా రాశాను.

కిందటి వారం అమ్మని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. జ్ఞాపకశక్తికి ఏదో పరీక్ష ఉంటుందట. ఇది ఏ నెల అంటే సరిగానే చెప్పింది. గడియారం బొమ్మ గీయమంటే గీసింది, అంకెలన్నీ ఒకవైపే ఇరుక్కున్నాయి. ఇది ఏ దేశమని డాక్టరమ్మ అడిగింది. అమ్మ తడుముకోకుండా సమాఖ్య అంది. డాక్టరమ్మ తప్పు కింద వేసుకుంది. వచ్చేటప్పుడు బస్సులో అమ్మ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. మా స్టాపు వచ్చినా లేపబుద్ధి కాక చివరిదాకా వెళ్ళి, అదే బస్సులో వెనక్కి వచ్చాం.

నీ పిచ్చుక


మే 2

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తరవాత మనసు చివుక్కుమంది. మీ అమ్మ సంగతి ఆ డాక్టరమ్మకేం తెలుసు? అది మతిమరుపు కాదు తల్లీ, పంతం. ఆ పేరు చచ్చినా పలకనని నా మొహం మీదే చెప్పిన మనిషి, డాక్టరు అడిగిందని పలుకుతుందా? గడియారం మాటకొస్తే నేను గీసినా అంతకంటే బాగా రాదు.

అంటే కోపం అలాగే ఉందన్నమాట. మరి ఆ ఆదివారం టీ కబురేమిటి? మామయ్య ఒంటరిగా ఉన్నాడు కదా అని జాలిపడి అల్లావా? నీది మంచి మనసే, కాదనను. కానీ నేను ఆ కబురు నమ్మి పెట్టె అటక మీంచి దించి దుమ్ము దులిపాను. మళ్ళీ పైన పెట్టేశాను. ఇక ఈ పేర్ల గొడవ వదిలేద్దాం. నీ ఒళ్ళు జాగ్రత్త.

మీ మామయ్య


మే 20

మామయ్యా,

కబుర్లు అల్లే తీరిక నాకు లేదు. నేను కూడా మొదట నీలాగే అనుకున్నాను. అమ్మ సమాఖ్య అన్నప్పుడల్లా మొండికేస్తోందనుకుని కసిరేదాన్ని. జనవరిలో బజారుకి వెళ్ళి దారి తప్పింది. పోలీసాయన మీది ఏ ఊరు, ఏ దేశం అని అడిగితే రాణి పేరు చెప్పింది. పంతం కోసం రాణి పేరు ఎవరు వాడతారు, చెప్పు? అప్పుడే నీకు ఉత్తరం రాశాను. ఏ పేరంటే ఏ వయసులో ఉన్నట్టో తెలుసుకోవడానికే నీ చేత పాఠం చెప్పించుకున్నాను.

ఇప్పుడు పొద్దున్నే లేవగానే, "అమ్మా, మనది ఏ దేశం?" అని అడుగుతాను. వాన పడుతోందా అని అడిగినట్టు. సమాఖ్య అందంటే నాకు హాయి. తల దువ్వుకోలేదేమని తిడుతుంది, షాపుకి ఆలస్యమవుతోందని తరుముతుంది. నువ్వు ఆదివారం వచ్చేదీ ఆ పేరులోనే. రాణి పేరు అందంటే నేను లేను. నేను పుట్టింది సమాఖ్యలో కదా. "మీరు ఎవరింటికండీ వచ్చింది?" అని కుర్చీ చూపిస్తుంది. నేను చుట్టంలా కూచుని, మా అమ్మ చేత మర్యాదలు చేయించుకుని, ఆవిడ పడుకున్నాక గిన్నెలు కడుక్కుంటాను. ముందు ఒకరోజు అటూ ఒకరోజు ఇటూ ఉండేది. ఈ నెల మొత్తం రాణి పేరే. పగలంతా ముక్కూమొహం తెలియనివాళ్ళ చేత అక్షరాలు చదివించి ఇంటికి వస్తే, ఇంట్లోనూ నన్నెరిగినవాళ్ళు లేరు. ఇది నేను ఎవరితోనూ చెప్పుకోలేదు.

కానీ ఆ పేరులో నువ్వున్నావు. నీకు పదేళ్ళు. సాయంత్రమయ్యేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి, తమ్ముడు బడి నుంచి ఇంకా రాలేదని వీధి చివరిదాకా చూస్తుంది. నన్ను తలుపు వెయ్యనివ్వదు. నీ మీద కోపం రావడానికి ఆవిడకి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. అమ్మ రాసే రెండు ముక్కల కోసం ఆగకు. వెంటనే బయలుదేరు.

నీ పిచ్చుక


జూన్ 8

పిచ్చుక తల్లికి,

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి లైబ్రరీకి వెళ్ళలేదు. గుమస్తా మనిషిని పంపాడు, ఒంట్లో బాగాలేదని చెప్పించాను. అక్కని అంత మాట అన్నానే, పంతమని. ఆవిడ మతి జారిపోతుంటే ఇక్కడ కూచుని అలిగాను.

రావాలనే ఉంది. కానీ ఆవిడ చూస్తున్నది పదేళ్ళ పిల్లాడి కోసం. ఆ గుమ్మంలోకి కర్ర పొడుచుకుంటూ ఒక ముసలాడు వచ్చి "నేనే వాణ్ణి" అంటే హడలిపోదూ? ఒకసారి ఆ గుమ్మం నుంచి వెనక్కి తిరిగాను. ఈసారి తిరిగితే తట్టుకోలేను. పైగా కుడికంట్లో శుక్లం ముదిరింది, వచ్చే నెలలో ఆపరేషన్. తరవాత కొన్నాళ్ళు ప్రయాణం వద్దంటున్నారు. నీకు తెలియనిదా? కన్ను బాగుపడ్డాక వస్తాను. ఇన్నేళ్ళకి చూసేటప్పుడు అక్కని తేటగా చూడాలి కదా. అందాకా నా చిన్నప్పటి ఫొటో ఒకటి పంపుతున్నాను, చూపించు. ఆవిడ ఏమందో రాయి.

మీ మామయ్య


జూన్ 30

మామయ్యా,

శుక్లాల సంగతి నాకు చెప్పకు. వాటిని రోజూ చూస్తున్నాను. శుక్లం ఎన్నాళ్ళైనా ఆగుతుంది. నీది కంటి జబ్బు కాదు, భయం.

ఫొటో చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరీ అబ్బాయి? బాగున్నాడు" అంది. ఏ దేశమమ్మా మనది అని అడిగాను. ఏటి పేరు చెప్పింది. మర్నాడు కూడా అదే చెప్పింది. వారం దాటింది, ఇంకో పేరు రాలేదు. నీ ఉత్తరం తీసి మళ్ళీ చూశాను. ఏటి పేరు పోయేటప్పటికి అమ్మకి ఐదేళ్ళని రాశావు. నువ్వు అమ్మ కంటే ఆరేళ్ళు చిన్న. ఆ పైన నేను చెప్పలేను, నువ్వే ఆలోచించుకో.

గుమ్మంలో నిలబడటం మానేసింది. ఇప్పుడు సాయంత్రాలు తలుపు వేసుకుంటున్నాం.

పిచ్చుక


జూలై 13

పిచ్చుకా,

ఆలోచించాను. మా అక్క ఇప్పుడున్న దేశంలో నేను ఇంకా పుట్టలేదు.

ఆపరేషన్ వద్దన్నాను. ఈ నెల ఆఖరి శుక్రవారం వస్తున్నాను. నేనెవరో ఆవిడకి చెప్పకు, పోల్చుకోమని బతిమాలకు. ఎవరో పెద్దాయన వచ్చి నాలుగు రోజులుంటాడని చెప్పు చాలు.

మీ మామయ్య


ఆగస్టు 6

పిచ్చుక తల్లికి,

క్షేమంగా చేరాను. అక్క గుర్తుపట్టిందా అని బేకరీ ఆయన సైగలతో అడిగాడు. లేదన్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా టీ తెచ్చిచ్చాడు. వచ్చే నెలాఖరుకి ఈ గది ఖాళీ చేసి అక్కడికి వచ్చేస్తున్నాను. మీ ముందుగదిలో మంచం పడుతుంది, నేను కొలిచి చూశాను. మనిద్దరం ఆవిడకి ఏమీ కాని చుట్టాలమే అయినా, నువ్వెవరో తెలిసినవాడు ఇంట్లో ఒకడుండాలి.

ఒక సంగతి నీకు చెప్పకుండా వచ్చాను. ఎయిర్‌పోర్టులో నా చెయ్యి పట్టుకున్నప్పుడు చెబుదామనుకుని, జేబులో టిక్కెట్టు వెతుక్కుంటూ ఊరుకున్నాను. అక్కడున్న ఆఖరి రోజు, నువ్వు షాపుకి వెళ్ళాక జరిగింది. అక్క కిటికీ కింద బల్ల మీద కూచుని తువ్వాళ్ళు మడతపెడుతోంది. ఒక్కొక్కటీ నాలుగు మడతలు, ఎనిమిది మడతలు, అరచేతిలో పట్టేంత చేసి పక్కన పెడుతోంది. ఊరికే కూచోలేక, మనది ఏ దేశమని నేనూ అడిగాను. ఏటి పేరు చెప్పి, ఇంత పెద్దవారికి ఆమాత్రం తెలియదా అన్నట్టు చూసింది. ఇవి ఎవరికని అడిగాను.

"తమ్ముడికి" అంది. "మా అమ్మకి తమ్ముడు పుడతాడు. వాడి కిందకి మెత్తగా ఉండాలి కదా, తాతగారూ."

చెల్లెలు పుడితేనో అన్నాను. పుట్టదట, తమ్ముడే కావాలని తను అడిగిందట. తువ్వాలు మడత తప్పితే విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. ఆ తరవాత అడగకుండా ఉండలేకపోయాను.

"పెద్దయ్యాక వాడు నీకు నచ్చని పని ఏదైనా చేస్తేనో?"

అక్క చేతిలో పని ఆపి బాగా ఆలోచించింది.

"తిడతాను" అంది. "మళ్ళీ నేనే పిలుస్తాను. చిన్నవాడు కదా, వాడికేం తెలుసు?"

వాడు ఎప్పుడొస్తాడని అడిగాను. ఇంకా ఆలస్యమవుతుందని వాళ్ళమ్మ చెప్పిందట. తనకేం తొందర లేదట, ఇక్కడే కూచుంటుందట. అంటూ మడతపెట్టిన తువ్వాళ్ళన్నీ ఒళ్ళోకి తీసుకుని, బల్ల మీద జరిగి, నాకు చోటు చేసింది.

"మీరూ కూచోండి తాతగారూ, వాణ్ణి చూసి వెళ్దురుగాని."

కూచున్నాను. నువ్వు షాపు మూసి వచ్చేదాకా, ఇద్దరం అక్కడే నా కోసం ఎదురుచూశాం.

మీ మామయ్య